కోటల సీమలో యుద్ధాల పుస్తకాలు: చరిత్ర, ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్... మీరేం చదువుతున్నారు?

బురుజు నీడ, కర్నూలు

అందరికీ నమస్కారం. మన వైపు ఎటు పోయినా కోటలే. కర్నూల్లో కొండారెడ్డి బురుజు, అటు ఆదోని, గుత్తి, ఇటు గండికోట, సిద్ధవటం, కిందికి పోతే పెనుకొండ. ఇన్ని కోటల మధ్య పెరిగాం కానీ, యుద్ధం ఎలా జరిగిందో విడమరిచి చెప్పే తెలుగు పుస్తకం కావాలంటే వెతుక్కోవాల్సి వస్తోంది. రాజు గెలిచాడు, రాజు ఓడాడు, ఎవరో మోసం చేశారు. అక్కడితో అధ్యాయం అయిపోతుంది. సైన్యం ఏం తిన్నది, తుపాకీ మందు ఎక్కడి నుంచి వచ్చింది, గుర్రాన్ని ఎంత పెట్టి కొన్నారు? ఆ ఊసే ఉండదు.

ఈ మధ్య, శ్రీకృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తాను ఆదిల్‌షాతో చేసిన 1520 నాటి రాయచూరు యుద్ధం మీద ఫెర్నావ్ నూనిజ్ రాసింది మళ్లీ చదివాను. రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చు వేయించిన విజయనగర చరిత్రలో దాని ఇంగ్లిష్ అనువాదం ఉంది. నూనిజ్ గుర్రాల వ్యాపారి. ఎవరికి ఎంత ముట్టిందన్నది ఆయన వదిలిపెట్టడు. కోట గోడ కిందికి చేరిన సైనికులు రాళ్లు పెకలించి తెస్తుంటే, రాయి సైజును బట్టి సర్దార్లు పణాలు ఇచ్చేవాళ్లట. పైనుంచి శత్రువు దాడి, కింద రాళ్లకు కూలి లెక్క. క్రిస్టోవావ్ ద ఫిగరెదో అనే పోర్చుగీసు అతను తన తుపాకీ మనుషులతో వచ్చి, గోడ మీద తల ఎత్తిన వాళ్లను కాల్చడం మొదలుపెట్టాక ఆ పని ఊపందుకుంది. ఒక్క పేజీలో యుద్ధం మొత్తం కళ్లకు కట్టింది.

ఇలాంటివి కావాలి నాకు. చరిత్రైనా, మాయలూ మంత్రాలైనా, ఇంకో గ్రహం మీద జరిగిన కథైనా సరే. మీరు చదివినవి చెప్పండి.

పెన్న ఒడ్డు, ప్రొద్దుటూరు

నేను ఫాంటసీ మనిషిని. హైస్కూల్లో తెలుగు చెప్తాను. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి, చందమామలో ఇరవై ఏళ్లకు పైగా సీరియళ్లు రాశారు. కంచుకోట, జ్వాలాద్వీపం, శిథిలాలయం, పాతాళదుర్గం అన్నీ ఆయనవే. పత్రికలో ఆయన పేరు కూడా వేసేవాళ్లు కాదు. 'చిత్రా' గారి బొమ్మలతో కలిపి చదివితే ఇప్పటికీ పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

తెలుగు ఫాంటసీని నిలబెట్టిన వాళ్లలో మన సీమవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. చందమామ పెట్టిన నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. 1885లో సురభి నాటకాలు మొదలైంది మా జిల్లాలోని సురభి గ్రామంలోనే. ఇదంతా పిల్లలకు ఎవరూ చెప్పరు. నాకు బాధగా ఉంటుంది.

ఇక మీరడిగిన తిండి లెక్కలు ఫాంటసీకి అక్కర్లేదని నా అభిప్రాయం. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అడవిలోకి బయలుదేరితే, సద్దిమూట ఎవరు కట్టారని పిల్లవాడు అడగడు.

మాజీ జవాను, కడప

మేడం, పిల్లవాడు అడగకపోవచ్చు. రాసేవాడు మాత్రం అడుక్కోవాలి. నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసి రిటైరయ్యాను. సరుకు చేరవేయడమే మా పని. అందుకే ఏ యుద్ధం పుస్తకం తెరిచినా ముందు నేను చూసేది బియ్యం ఎటు నుంచి వస్తున్నాయన్నదే.

బురుజు నీడ గారు చెప్పిన నూనిజ్‌నే తీసుకుందాం. రాయచూరు మీదికి ఏడు లక్షల పైచిలుకు కాల్బలం కదిలిందంటాడు. మనిషికి రోజుకు కిలో ధాన్యం వేసుకోండి, ఏడు వందల టన్నులు. ఎద్దు మీద క్వింటా లెక్కన రోజుకు ఏడు వేల ఎద్దులు. వాటిని ఒకదాని వెనక ఒకటి నడిపిస్తే ఇరవై కిలోమీటర్ల బారు అవుతుంది. ఇది ఒక్క రోజు తిండి, గుర్రాలకూ ఏనుగులకూ కాకుండా. కాబట్టి ఆ అంకె నేను నమ్మను. కానీ అదే నూనిజ్, దండు నడిచే దారిలో నీళ్ల తిత్తులతో మనుషుల్ని పెట్టారనీ, దాహంతో ఎవరూ దారి తప్పకుండా చూశారనీ రాశాడు. దండు వెంట బజార్లు నడిచాయనీ రాశాడు. అది నమ్ముతాను. అది కళ్లతో చూసినవాళ్లు చెబితే తప్ప రాయలేని సంగతి.

మన తండాల లంబాడీల పూర్వీకులు, బ్రింజారీలు, దక్కన్‌లో ప్రతి సైన్యానికీ ధాన్యం మోశారు. 1791 మేలో ఇంగ్లిష్ సేనాని కారన్‌వాలీసు శ్రీరంగపట్నం దాకా పోయి, టిప్పుతో పోరులో గెలిచి కూడా వెనక్కి మళ్లాడు. ఎద్దులు చచ్చాయి, తిండి అయిపోయింది, పెద్ద ఫిరంగుల్ని లాగే దిక్కు లేక తన చేతులతోనే పగలగొట్టించుకున్నాడు. మరుసటి ఏడాది బ్రింజారీల మందల్ని వెంటబెట్టుకుని వచ్చాకే పని అయింది. పాఠ్యపుస్తకంలో కారన్‌వాలీసు ఉన్నాడు, టిప్పు ఉన్నాడు. ఎద్దు తోలినవాడు లేడు.

ఒక పుస్తకం చెప్తాను. జాన్ కీగన్ రాసిన 'ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్', 1976లో వచ్చింది. తాను ఏ యుద్ధంలోనూ లేనని మొదట్లోనే చెప్పేసి, అజిన్‌కోర్ట్, వాటర్‌లూ, సోమ్ యుద్ధాల్లో మామూలు సిపాయికి ఏం కనపడింది, ఏం వినపడింది, ఎందుకు పారిపోకుండా నిలబడ్డాడు అని వెతుకుతాడు. తెలుగులో రావాల్సిన పుస్తకం.

గుత్తి మెట్లు, గుత్తి

జవాను అన్నా, ఎద్దుల లెక్క అదిరింది.

నేను చరిత్ర పీజీ చేస్తున్నాను. రాయచూరు తర్వాత ఏం జరిగిందన్నదే నాకు అసలు ప్రశ్న. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆదిల్‌షా దగ్గర ఫిరంగులు ఎక్కువ. ఒక్కసారిగా అన్నీ పేల్చి రాయల ముందు వరసను చెల్లాచెదురు చేశాడు. మళ్లీ మందు దట్టించేలోపు రాయలు రెండో దళంతో మీద పడ్డాడు. ఫిరంగులున్నవాడు ఓడిపోయాడు. ఈటన్ అనేదేమంటే, గెలిచిన విజయనగరానికి ఫిరంగుల మీద డబ్బు పెట్టాల్సిన అవసరం కనపడలేదు. ఓడిన బిజాపూరు మాత్రం ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుంది, బురుజుల్ని మార్చింది, పెద్ద ఫిరంగులు ఎక్కించింది. నలభై అయిదేళ్లకు, 1565 జనవరిలో, దక్కన్ సుల్తానుల చేతిలో విజయనగరం ఓడిన రక్కసగి తంగడి (తళ్లికోట) దగ్గర ఆ తేడా బయటపడింది. అహ్మద్‌నగర్ ఫిరంగుల్లో రాగి నాణేల సంచులు దట్టించి దగ్గర నుంచి పేల్చారని పారశీక చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు.

మన పుస్తకాల్లో మాత్రం ఆ ఓటమికి ఇప్పటికీ ఇద్దరు సర్దార్ల ద్రోహమే కారణం. ఆ మాట 1567లో విజయనగరం వచ్చిన వెనీసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాతలో ఉంది. అది ఒక్కటే పట్టుకుని వేలాడటం వల్ల, సాంకేతికత ఎలా చేతులు మారిందనే కథ మనకు చేరడం లేదు.

బురుజు నీడ, కర్నూలు

గుత్తి మెట్లు తమ్ముడూ, ఈటన్ వాదన బలమైనదే. కానీ ద్రోహాన్ని పూర్తిగా పక్కన పెట్టడం నాకు మింగుడు పడదు. ఫ్రెడరిక్ యుద్ధం అయిన రెండేళ్లకే వచ్చాడు. ఊళ్లో జనం అప్పటికి ఏం చెప్పుకుంటున్నారో అదే రాసుంటాడు. ఆ జనం మాటకూ విలువ ఉంది.

మాజీ జవాను, కడప

ఫిరంగి కావచ్చు, ద్రోహం కావచ్చు. సైన్యం చెదిరింది మాత్రం అళియ రామరాయల తల ఈటె మీద కనపడ్డాకే. ముసలి వయసులో ఆయనే స్వయంగా మధ్యలో నిలబడ్డాడు, ఆయన తర్వాత ఆజ్ఞ ఇచ్చేవాడు లేకపోయాడు. మా భాషలో చెప్పాలంటే కమాండ్ తెగింది. తిరుమలరాయలు పెనుకొండకు చేరుకుని అక్కడ నుంచి రాజ్యం నిలబెట్టుకున్నాడంటే, మనుషులూ డబ్బూ ఇంకా మిగిలే ఉన్నాయన్నమాట.

హగరి ఇసుక, రాయదుర్గం

మీ చర్చలోకి సైన్స్ ఫిక్షన్ తెస్తున్నాను. ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్', 1965. ఎడారి గ్రహం మీద జరిగే కథ. మా వైపు వాళ్లు దాన్ని చదివినట్టు లోకంలో ఇంకెవరూ చదవలేరని గట్టిగా అంటాను.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డు చూసినవాళ్లకు అర్థమవుతుంది. ఆషాఢం గాలి లేచిందంటే ఏటి ఇసుక పొలాల మీదికి నడిచి వస్తుంది. సాయంత్రం చూసిన గట్టు పొద్దున ఉండదు. వేసిన విత్తనం ఇసుక కిందికి పోతుంది. కళ్లాల్లో, అన్నంలో, పక్కబట్టల్లో ఇసుకే. హెర్బర్ట్‌కు ఈ నవల ఆలోచన వచ్చిందీ ఇలాంటి చోటే. అమెరికాలో ఆరెగాన్ తీరాన ఇసుక దిబ్బలు ఊళ్ల మీదికి రాకుండా గడ్డి నాటి ఆపుతుంటే, 1957లో పత్రికకు వ్యాసం రాద్దామని చూడటానికి పోయాడు. ఆ వ్యాసం అక్కడే ఆగిపోయి చివరికి డ్యూన్ అయింది. పుస్తకాన్ని ఎవరికి అంకితం ఇచ్చాడో తెలుసా? మెట్ట నేలల మీద పనిచేసే పర్యావరణ శాస్త్రవేత్తలకు.

అందులో ఎడారి మనుషులు ఒంటి చెమటను కూడా వడగట్టి తాగే దుస్తులు వేసుకుంటారు. చనిపోయినవాడి ఒంట్లోని నీరు తెగకు చెందుతుంది. బయటి రాజ్యాల సైన్యాలు ఎంత బలమున్నవైనా అక్కడ ఓడిపోతాయి, నీళ్లు లేకుండా బతకడం వాళ్లకు రాదు కాబట్టి. జవాన్ సార్ చెప్పిన నీళ్ల తిత్తుల సంగతే ఇది. పాల్ అనే కుర్రవాడు దేవుడై కూర్చోవడం నాకు అంతగా పట్టదు. ఆ గ్రహాన్ని తడపాలని తరతరాలకు సరిపడా ప్లాన్ వేసుకుని, చుక్క చుక్క దాచుకునే జనం ఉన్నారు చూడండి, వాళ్ల కోసం చదువుతాను. అనంతపురంలో చెరువు పూడిక తీసేవాళ్లకు, మొక్క బతికించేవాళ్లకు ఆ పుస్తకం తెలుగులో అందితే ఎంత బాగుంటుంది!

రాత్రి చదువరి, అనంతపురం

హగరి అన్నా, సూపర్. డ్యూన్ నాకు మొదటి వంద పేజీలు కష్టంగా నడిచింది, తర్వాత వదల్లేదు.

నా ఓటు జో హాల్డ్‌మన్ 'ద ఫరెవర్ వార్'కి. 1974లో వచ్చింది. ఆయన వియత్నాంలో పోరాడి గాయపడి వచ్చినవాడు. కథలో సైనికులు కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణించి వేరే నక్షత్రాల దగ్గర యుద్ధం చేస్తారు. వాళ్లకు కొన్ని నెలలు గడిస్తే భూమి మీద దశాబ్దాలు, తర్వాత శతాబ్దాలు గడిచిపోతాయి. తిరిగి వస్తే అమ్మ ముసలిదైపోయి ఉంటుంది, ఊరు మారిపోయి ఉంటుంది, మాట్లాడే మాటే అర్థం కాదు. బ్యాంకులో జీతం మాత్రం గుట్టలుగా పేరుకుని ఉంటుంది. ఎదురొచ్చే శత్రువు దగ్గర ఏ కాలం నాటి ఆయుధాలు ఉంటాయో కూడా తెలియదు. ఆ టెన్షన్ పుస్తకమంతా ఉంటుంది.

దానికి ముందు 1959లో హైన్‌లైన్ 'స్టార్‌షిప్ ట్రూపర్స్' రాశాడు. అందులో సైన్యం మనిషిని బాధ్యత ఉన్న పౌరుణ్ని చేస్తుంది. రెండూ వరసగా చదివితే, యుద్ధానికి పోయి వచ్చినవాడి మాట వేరుగా ఉంటుందని తెలుస్తుంది.

పెన్న ఒడ్డు మేడం, ఫాంటసీలో లెక్కలు అక్కర్లేదన్నారు. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో టోల్కీన్ మాత్రం ఎవరు ఏ రోజు ఎన్ని మైళ్లు నడిచారో, ఆ రాత్రి చంద్రుడు ఎంత ఉన్నాడో సరిచూసుకుని రాశాడు. ఆయన 1916లో సోమ్ యుద్ధంలో సిగ్నల్స్ అధికారిగా ఉన్నాడు, ట్రెంచ్ ఫీవర్ తగిలి వెనక్కి వచ్చాడు. ఆ నవలలో నీళ్లలో శవాల మొహాలు కనిపించే చిత్తడి నేల ఉంటుంది చూడండి, దానికి ఆ యుద్ధం తర్వాతి ఉత్తర ఫ్రాన్స్‌తో సంబంధం ఉందని ఆయనే ఉత్తరంలో రాశాడు.

మాజీ జవాను, కడప

రాత్రి చదువరి అమ్మా, ఆ పుస్తకం వెంటనే తెప్పించుకుంటాను. సరిహద్దు నుంచి సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు, మన వీధి పిల్లలే మనల్ని గుర్తుపట్టక ఎవరింటికి వచ్చారని అడుగుతారు. ఇంట్లో వస్తువులు ఎక్కడుంటాయో మనకు తెలియదు, అడగాల్సి వస్తుంది. చుట్టంలా నాలుగు రోజులుండి పోతాం. నక్షత్రాల దాకా పోయి అదే సంగతి రాశాడంటే ఆయన సిపాయే.

పెన్న ఒడ్డు, ప్రొద్దుటూరు

టోల్కీన్ సంగతి ఒప్పుకుంటాను, ఆయన పద్ధతి అది. చందమామ పద్ధతి ఇంకోటి. రెండూ ఉండాలి.

కానీ తెలుగులో యుద్ధం గురించి పుస్తకాలే లేవన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం తీయండి. యామునాచార్యుడు కొడుక్కి చెప్పే రాజనీతి ఉంటుంది. దూరదేశాల నుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులకు ఊళ్లు ఇచ్చి, నగరంలో మంచి ఇళ్లు ఇచ్చి, లాభం వచ్చేట్టు చూసి మనవాళ్లను చేసుకోవాలి, ఆ సరుకు శత్రువుకు చేరకూడదు అంటాడు. ఆ మాట రాసినవాడు యుద్ధాలు నడిపిన రాజు. బురుజు నీడ గారూ, మీ గుర్రాల వ్యాపారి నూనిజ్‌కు ఇక్కడ గిరాకీ ఎందుకుందో ఆ ఒక్క పద్యం చెప్పేస్తుంది.

కృష్ణదేవరాయల కథ చెప్పే రాయవాచకం ఉంది. వేగులవాళ్లు వచ్చి శత్రువుల సంగతులు విన్నవించడం, నాయకులు ఎంత దళం తేవాలన్న లెక్కలు, అన్నీ వాడుకకు దగ్గరగా ఉండే వచనంలో. వాగనర్ దాన్ని 1993లో ఇంగ్లిష్‌లోకి తెస్తే ప్రపంచమంతా చదివింది. మనం పరీక్షలో పేరు రాసి వదిలేశాం. ఇక కడప ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. అక్కడివాళ్లు మెకంజీ సేకరించిన కైఫియత్తులను, అంటే ఊళ్ల చరిత్రలను, సంపుటాలుగా వేశారు. ఏ ఊరి మీద ఎవరు దండెత్తారు, ఎవరు పన్ను కట్టలేక ఊరు విడిచారు అని ఊరూరి లెక్క ఉంటుంది. పుస్తకాలు ఉన్నాయి సార్. వాటిని ఇప్పటి పాఠకుడికి అందేట్టు చెప్పే మనిషి కావాలి.

కొలిమి, జమ్మలమడుగు

మేడం చెప్పింది అక్షరాలా నిజం. గండికోట కథ ఒకటి చెప్తాను, ఇది చరిత్రో ఫాంటసీయో మీరే తేల్చండి.

పెమ్మసాని నాయకుల చేతి నుంచి కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చిన కొత్తలో, 1652లో, వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. మీర్ జుమ్లా అప్పుడు కోటలో ఫిరంగులు పోయించే పనిలో ఉన్నాడు. మాయ్ అనే ఫ్రెంచివాడికి ఆ పని అప్పగించాడు. ఇరవై ఫిరంగులు కావాలన్నాడు. లోహం కోసం చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించాడు. అన్నీ కరిగాయి కానీ గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడు. చివరికి మాయ్ చేతిలో ఒక్క ఫిరంగీ సరిగ్గా తయారు కాలేదు. ఇదంతా టావెర్నియే తన ప్రయాణాల పుస్తకంలో రాశాడు.

కొలిమి సెగ సరిపోలేదా, లోహంలో ఇంకేదైనా కలిసిందా, ఆ ఫ్రెంచివాడికి పని రాదా, లేక కావాలనే చెడగొట్టాడా? ఒక్కో జవాబుకు ఒక్కో నవల వస్తుంది. మాధవరాయ స్వామి గుడి ముందు నిలబడి ఈ కథ చెబితే వినేవాళ్లు కదలరు. కానీ వచ్చినవాళ్లు పెన్న లోయ అంచున ఫొటో దిగి వెళ్లిపోతున్నారు.

నాపరాయి, బనగానపల్లె

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇప్పుడే. నేను ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. సలహా కావాలి.

మా దగ్గర జ్వాలాపురం ఉంది. జుర్రేరు లోయలో మట్టి తవ్వితే తెల్లటి బూడిద పొర కనపడుతుంది. పాత్రలు తోమే పొడికని ఆ బూడిదను తవ్వి అమ్మారు కూడా. అది సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు వచ్చి పడిన బూడిద. ఆ పొర కిందా, పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. రెంటికీ పోలికలు ఉన్నాయని 2007లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. అంటే ఆకాశం నుంచి అంత బూడిద కురిశాక కూడా ఇక్కడ మనుషులు బతికి, మళ్లీ అదే తీరున రాళ్లు చెక్కుకున్నారన్నమాట. తెల్లవారుజామున ఆ పొర మీద చెయ్యి పెడితే పిండిలా వేళ్లకు అంటుకుంటుంది. నా నవల అక్కడ మొదలవుతుంది. ఆ జనంలో ఒక గుంపు బెలుం గుహల వైపు నడుస్తుంది, నీళ్ల కోసం ఇంకో గుంపుతో తగాదా పడుతుంది.

నా సందేహం: గుర్రం, ఎద్దు, బండి ఏవీ లేని కాలంలో పిల్లలతో, ముసలివాళ్లతో ఒక గుంపు రోజుకు ఎంత దూరం నడవగలదు? జవాను సార్ చెప్పాలి.

గుత్తి మెట్లు, గుత్తి

అన్నా, యుద్ధం అనగానే ఫిరంగులే అనుకున్నాను, 74 వేల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లారు. ఒక్క మనవి. గుంపు నాయకుణ్ని కండలు తిరిగిన వీరుడిగా చేయొద్దు. నీటి చెలమలు గుర్తున్న ముసలావిడను చేయండి.

మాజీ జవాను, కడప

నాపరాయి తమ్ముడూ, మంచి పని పెట్టుకున్నావు. బ్రింజారీల మందలే మేపుకుంటూ నడిస్తే రోజుకు పది మైళ్లు దాటడం కష్టం. నీ గుంపు దారిలోనే తిండి ఏరుకోవాలి, వేటాడాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి. కాబట్టి అయిదారు మైళ్లు పెట్టుకో. బూడిద గాల్లో ఉంటే దగ్గుతారు, కళ్లు మండుతాయి, ఇంకా తగ్గించు. నడక కన్నా నీటి మజిలీలు ముందు రాసుకో. ఎక్కడ ఊట ఉందో, ఎక్కడ బూడిద పడి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయో మ్యాప్ గీసుకో. తగాదా ఎక్కడ పుడుతుందో ఆ మ్యాపే చూపిస్తుంది.

రాత్రి చదువరి, అనంతపురం

మ్యాప్ గీస్తే ఇక్కడ పెట్టండి నాపరాయి అన్నా. జుర్రేరు నుంచి బెలుం దాకా ఇప్పటి వాగులు నేను గుర్తులు పెట్టి ఇస్తాను. మొదటి అధ్యాయం అయితే అది కూడా. కొలిమి గారూ, ఆ ఆరు విగ్రహాల కథ మీరే రాయాలి, ఎవరికీ వదలకండి.

నాపరాయి, బనగానపల్లె

ముసలావిడ ఖాయం. మ్యాప్ ఆదివారం పెడతాను. హగరి అన్నా, గాలికి ఇసుక రాత్రికి రాత్రి ఎంత మేర కదులుతుంది, గాలికి ఏ వైపు పేరుకుంటుంది, వీలైతే కొంచెం వివరంగా రాయండి. బూడిదకు అదే వాడుకుంటాను.